స్కిజోఫ్రీనియా: రకాలు, కోడ్‌లు, బళ్ళారి అనుభవం



ఏ తల్లి స్మృతిలో ఈ దత్తి ఉపన్యాసం ఏర్పాటైందో ఆమె డాక్టరు కాదు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో పనిచేసిన నర్సమ్మ. సిరుగుప్ప వైపు నల్లరేగడి పల్లెల్లో టీకాలు వేసి, కాన్పులు చూసి, మలేరియా జ్వరాలకు రక్తపు చుక్క తీసుకుంటూ, వాటితోపాటే మానసిక రోగులను గుర్తించి డాక్టరు దగ్గరికి పంపిన తరం ఆమెది. ఆ పనిని ఒక జిల్లా మొత్తానికి విస్తరించి చేసి చూసిన మొదటి చోటు మన దేశంలో బళ్ళారే. అందుకే ఈ సాయంత్రం స్కిజోఫ్రీనియాను ఎలా గుర్తిస్తాం, ఎన్ని రకాలుగా విడదీశాం, ఆ రకాలకు ఏ కోడ్‌లు రాశాం, చివరికి ఆ రకాలను ఎందుకు వదులుకున్నాం అన్న సంగతి ఎత్తుకున్నాను. ఇది డాక్టర్లు తమ గదిలో మాట్లాడుకోవలసిన విషయం కదా అని మీలో కొందరికి అనిపించవచ్చు. కాని రోగులను వెంటబెట్టుకుని వచ్చిన కుటుంబాలవారూ, మీ ఇంట్లో బీరువా అడుగున ప్లాస్టిక్ కవరులో దాచుకున్న డిశ్చార్జి కాగితం మీద ‘ఎఫ్20.0’ అనో ‘ఎఫ్20.3’ అనో రాసి ఉంటుంది. ఆ రాత అర్థమేమిటో మీకు చెప్పినవాళ్ళు బహుశా ఎవరూ లేరు. చెప్పవలసిన బాధ్యత మాది.

ముందు నిర్ధారణ సంగతి. స్కిజోఫ్రీనియా రక్తపరీక్షలో తేలదు, స్కానింగులో కనపడదు. మేము ఆ పరీక్షలు రాసేది వేరే కారణాలేవీ లేవని తేల్చుకోవడానికి. మెదడువాపు, థైరాయిడ్ లోపం, మూర్ఛ, తాగుడు హఠాత్తుగా మానేసినప్పుడు వచ్చే భ్రాంతులు, గంజాయి, స్టెరాయిడ్ మందులు, ఇవన్నీ చూడ్డానికి అదే జబ్బులా ఉండగలవు. అవి కావని తేలాక మిగిలేది వినడమే. “ఇద్దరు నా గురించే మాట్లాడుకుంటాండారు సార్, నేను అన్నం కలిపితే కలుపుతాండాడు అంటారు, లేస్తే లేసినాడు అంటారు” అని ఒకరు చెబుతారు. “ఈ ఆలోచన నాది కాదు, ఎవరో నా తలకాయలో పెట్టినారు” అని ఇంకొకరు. “నేను మనసులో అనుకునేది ఊరంతా వినపడతాంది” అని మరొకరు. జర్మన్ మనోవైద్యుడు కర్ట్ ష్నైడర్ 1939లో ఇలాంటి అనుభవాలనే ఏరి, శరీర వ్యాధి ఏదీ లేనప్పుడు ఇవి స్కిజోఫ్రీనియాను గట్టిగా సూచిస్తాయని చెప్పాడు. ఆయన ఎన్నడూ చూడని హగరి నది ఒడ్డు పల్లెల్లో అవే అనుభవాలు తెలుగులో వినిపిస్తాయి. ఆ తర్వాతి కాలంలో ఇవి వేరే జబ్బుల్లోనూ కనిపిస్తాయని తేలింది కాబట్టి వాటి విలువ కొంత తగ్గింది. అయినా వినడం ఎలాగో నేర్పినవాటిలో అవి ముందుంటాయి.

వినడంలో ఈ కర్ణాటక-ఆంధ్ర సరిహద్దు ప్రాంతానికి ఒక ప్రత్యేక కష్టం ఉంది. రోగి తెలుగులో చెబుతాడు, కేసు షీటు ఇంగ్లీషులో రాస్తారు, నర్సుతో మాట కన్నడంలో సాగుతుంది. మూడు భాషలు దాటేసరికి భయం అనుమానంగా, అనుమానం భ్రమగా మారి కాగితం మీదికి ఎక్కడం అసాధ్యమేమీ కాదు. ‘మా పాలివాళ్ళు చేతబడి చేయించినారు’ అన్న మాట వినగానే భ్రమ అని రాసేస్తే తప్పు. ఆ నమ్మకం ఆ ఊళ్ళో ఎందరికో ఉంది. ఇంట్లోవాళ్ళు, ఇరుగుపొరుగువాళ్ళు కూడా ఇతని నమ్మకం వింతగా ఉందంటున్నారా అని అడగాలి. కనకదుర్గమ్మ సిడిబండి ఉత్సవంలో ఎవరికైనా పూనకం వచ్చి, అమ్మవారు దిగిపోయాక ఆమె ఇంటికెళ్ళి రొట్టెలు చేసుకుంటుంటే అది జబ్బు కాదు. చేళ్ళగుర్కి ఎర్రితాతను తరతరాలుగా కొలుస్తున్న నేల ఇది. లోకం తీరుకు భిన్నంగా బతకడం వేరు, మనసు చెదరడం వేరు అన్న తెలివి ఇక్కడి జనానికి డాక్టర్లు రాకముందు నుంచే ఉంది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మూడో సెక్షన్ కూడా అదే చెబుతోంది: సమాజంలో చెల్లే నైతిక, సాంస్కృతిక విలువలకో మత విశ్వాసాలకో ఒదగలేదన్న కారణంతో ఎవరినీ మానసిక రోగిగా నిర్ణయించకూడదు.

ఇక రకాల చరిత్ర. 1871లో హెకర్ అనే జర్మన్ వైద్యుడు, పడుచువయసులో మొదలై మాట, నవ్వు, నడత అన్నీ చెల్లాచెదరయ్యే ఒక రోగాన్ని వర్ణించి హెబిఫ్రీనియా అన్నాడు. 1874లో ఆయన గురువు కాల్‌బామ్ శరీరం బిగుసుకుపోయి, మాట ఆగిపోయి, పెట్టిన భంగిమలోనే ఉండిపోయే స్థితిని కెటటోనియా అన్నాడు. 19వ శతాబ్దం చివరికి మనోవైద్యుడు క్రేపెలిన్ ఈ రెండింటినీ, అనుమానాలూ శబ్దభ్రాంతులూ ప్రధానంగా ఉండే మూడోదాన్నీ ఒకే జబ్బు కిందికి తెచ్చాడు. 1908లో మనోవైద్యుడు బ్లాయిలర్ దానికి స్కిజోఫ్రీనియా అని పేరు పెట్టాడు. 1911లో వచ్చిన తన పుస్తకం శీర్షికలోనే ‘స్కిజోఫ్రీనియాల సమూహం’ అని బహువచనం వాడాడు. ఒక్క జబ్బు కాకపోవచ్చునన్న జాగ్రత్త పేరు పెట్టినవాడిలోనే ఉంది. తర్వాత వచ్చినవాళ్ళం ఆ జాగ్రత్తను పక్కనపెట్టి రకాలను మాత్రం పట్టుకున్నాం.

ప్రపంచ ఆరోగ్య సంస్థ వ్యాధుల వర్గీకరణ (ఐసీడీ) తొమ్మిదో కూర్పులో స్కిజోఫ్రీనియాది 295వ నంబరు. 295.1 హెబిఫ్రీనిక్, 295.2 కెటటోనిక్, 295.3 పారనాయిడ్, 295.6 అవశేష రకం, ఇలా పది గదులు. 1990లో ఆమోదం పొందిన పదో కూర్పులో అది ఎఫ్20 అయింది. ఎఫ్20.0 పారనాయిడ్, ఎఫ్20.1 హెబిఫ్రీనిక్, ఎఫ్20.2 కెటటోనిక్, ఎఫ్20.3 ఏ రకంలోనూ ఇమడనిది, ఎఫ్20.5 తీవ్రత తగ్గాక మిగిలిపోయిన అవశేష స్థితి, ఎఫ్20.6 సాదా రకం, ఎఫ్20.9 ఏ రకమో రాయనిది. ఈ చివరి గది ఎంత సులువంటే, రద్దీగా ఉన్న ఓపీలో కలం దానంతటదే అటు పోతుంది.

ఇక్కడ ఇంకో గది గురించి కొంచెం ఆగి చెప్పాలి. ఎఫ్23. హఠాత్తుగా, రెండు వారాల లోపే పూర్తిగా కమ్ముకుని, చాలాసార్లు కొన్ని వారాల నుంచి రెండు మూడు నెలల్లో పూర్తిగా నయమయ్యే తీవ్ర సైకోసిస్, అంటే భ్రమలూ భ్రాంతులతో వాస్తవంతో పట్టు తప్పే స్థితి. జ్వరం తర్వాత, కాన్పు తర్వాత, ఇంట్లో పెద్ద దెబ్బ తగిలిన తర్వాత ఇలాంటి రోగులు మన దగ్గర తరచుగా వస్తారు. పాశ్చాత్య పుస్తకాల్లో వీళ్ళకు చోటు లేదని మన డాక్టర్లు చాలా ముందే గుర్తించారు. 1967లోనే ఎన్.ఎన్. విగ్, గురుమీత్ సింగ్ భారతదేశానికి పనికొచ్చే వర్గీకరణ ఒకటి ప్రతిపాదించారు. పదో కూర్పులో ఎఫ్23 విడిగా నిలబడడం వెనుక మనలాంటి దేశాల అనుభవం ఉంది. ఇరవై ఏళ్ళ ఆడపిల్ల నాలుగు వారాల్లో కోలుకోవలసిన స్థితిలో వచ్చినప్పుడు మొదటి రోజే ఎఫ్20 అని రాస్తే, ఆ రాత ఆమె పెళ్ళిదాకా, ఉద్యోగందాకా వెంటపడుతుంది. స్కిజోఫ్రీనియా లక్షణాలు నెలరోజులు నిలిస్తేనే ఎఫ్20. ఆ నెల ఆగడం వైద్యం ఆపడం కాదు. మందు మొదటి రోజే ఇవ్వవచ్చు, పేరు తర్వాత పెట్టవచ్చు.

డాక్టర్ల మధ్య ఏకాభిప్రాయం ఎంత అన్న ప్రశ్న కూడా పాతదే. 1972లో అచ్చయిన అమెరికా-బ్రిటన్ పోలిక అధ్యయనంలో, న్యూయార్కు డాక్టర్లు స్కిజోఫ్రీనియా అన్న చాలామంది రోగులను లండను డాక్టర్లు ఉన్మాదం అనో కుంగుబాటు అనో అన్నారని తేలింది. రోగుల్లో కాదు తేడా, డాక్టర్ల అలవాటులో. అదే కాలంలో ప్రపంచ ఆరోగ్య సంస్థ తొమ్మిది దేశాల్లో నడిపిన అధ్యయనంలో మన ఆగ్రా ఒక కేంద్రం. అందరూ ఒకే ప్రశ్నలు ఒకే తీరులో అడిగితే డాక్టర్లు చాలావరకు ఒకే నిర్ణయానికి వస్తారని అక్కడ రుజువైంది. ఆగ్రా, నైజీరియాలోని ఇబడాన్ వంటిచోట్ల రోగులు సంపన్న దేశాల రోగులకంటే మెరుగ్గా కోలుకున్నారన్నది అదే అధ్యయనం చెప్పిన రెండో మాట. కారణాల మీద వాదం ఇంకా సాగుతోంది.

ఇప్పుడు బళ్ళారికి వస్తాను. 1982లో జాతీయ మానసిక ఆరోగ్య కార్యక్రమం మొదలైంది. కాగితం మీద బాగానే ఉంది, కాని ఒక జిల్లాలో ఎలా నడపాలో ఎవరికీ తెలియదు. దాన్ని చేసి చూపించే పనిని బెంగళూరులోని మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ తీసుకుని, సుమారు 300 కిలోమీటర్ల దూరంలో ఉన్న బళ్ళారిని ఎంచుకుంది. 1985 నుంచి 1990 దాకా ఆ ప్రయోగం సాగింది. అంతకుముందు సకలవార, రాయపూర్ రాణి వంటి చోట్ల చిన్న స్థాయిలో చేసిన పనిని ఇక్కడ జిల్లా మొత్తానికి విస్తరించారు. ఆర్. శ్రీనివాసమూర్తి, మోహన్ ఐజాక్, సి.ఆర్. చంద్రశేఖర్ వంటి నిమ్హాన్స్ వైద్యులు ఆ సామాజిక మనోవైద్యానికి దారి వేసినవాళ్ళు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల డాక్టర్లకు కొద్దిపాటి శిక్షణ, ఆరోగ్య కార్యకర్తలకు అంతకంటే తక్కువ శిక్షణ, గుప్పెడు ముఖ్యమైన మందులు, సులువైన రికార్డు, జిల్లా స్థాయిలో ఒక మానసిక వైద్య బృందం. అంతే. మన వైద్యకళాశాల 1961 నుంచీ ఉన్నా, అందులో మానసిక వైద్యం ఉన్నా, ఊరి మనిషికి అది అందింది ఈ ప్రయోగంతోనే.

ఆ రికార్డులో ఏముండేదో ఈనాటి విద్యార్థులు గమనించాలి. ఇది సైకోసిసా, మూర్ఛా, బుద్ధిమాంద్యమా, కుంగుబాటా? ఎన్నాళ్ళ నుంచి? మందు వేసుకుంటున్నాడా? తిండి, నిద్ర, స్నానం, పని ఎలా ఉన్నాయి? నెలకొకసారి వస్తున్నాడా? రాకపోతే ఇంటికెళ్ళి చూశారా? హెబిఫ్రీనిక్కా పారనాయిడా అని నర్సమ్మను ఎవరూ అడగలేదు. ఇది చదువురానివాళ్ళ కోసం కుదించిన వైద్యమని కొందరు నిపుణులు అప్పట్లో తేలిక చేసి మాట్లాడారు. నా అభిప్రాయం పూర్తిగా వేరు. ఆమెను అడిగినవే అసలు ప్రశ్నలు. బళ్ళారి నమూనా ఆధారంగా 1996లో జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం నాలుగు రాష్ట్రాల్లో నాలుగు జిల్లాలతో మొదలైంది. వాటిలో ఒకటి అప్పటి ఆంధ్రప్రదేశ్‌లోని మెదక్. ఈనాడు అది దేశంలో 700కు పైగా జిల్లాలకు చేరింది.

నేను ఒక ఉదాహరణ చెబుతాను. ఇది ఒక్క మనిషి కథ కాదు, ఎందరో రోగుల కాగితాలు చూసి కూర్చినది. హగరి ఒడ్డు పల్లె. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం. 1987లో ఇరవై ఒక్క ఏళ్ళ కుర్రాడు పొలం మానేసి, తలుపు మూసుకుని, తన మీద కుట్ర జరుగుతోందని తిండి మానేశాడు. ఆరోగ్య కేంద్రంలో సైకోసిస్ అని రాసి సూదిమందు మొదలుపెట్టారు. బళ్ళారి పెద్దాసుపత్రిలో 295.3 అన్నారు. కొన్నేళ్ళకు తల్లి అతన్ని ఆదోని దగ్గరి పుట్టింటికి తీసుకుపోయింది. 1953 అక్టోబరు 1న ఆదోని, ఆలూరు, రాయదుర్గం ఆంధ్రలోకి, బళ్ళారి మైసూరులోకి వెళ్ళినప్పటి నుంచీ చుట్టరికాలు ఆ గీత దాటుతూనే ఉన్నాయి కదా. కర్నూలు ఆసుపత్రిలో అతని మాట తడబాటు చూసి ఎఫ్20.1 అని రాశారు. పదేళ్ళకు అనుమానాలు తగ్గి, మౌనంగా, ఏ పని మీదా మనసు లేకుండా ఉంటే ఎఫ్20.5 అయింది. తర్వాత ఒక రద్దీ ఓపీలో ఎఫ్20.9. ఆ తల్లి నాలుగు కాగితాలూ పట్టుకుని, ‘నా కొడుక్కి నాలుగు జబ్బులున్నాయా నాయనా?’ అని అడుగుతుంది.

జబ్బు ఒక్కటే. ఆ నలుగురు డాక్టర్లలో ఎవరూ తప్పు చూడలేదు, ఆ రోజు కనిపించింది రాశారు. తప్పు రకాలదే. ఒకే మనిషి ఏళ్ళు గడిచేకొద్దీ ఒక గది నుంచి ఇంకో గదికి మారిపోతుంటే ఆ గదులకు అర్థం లేదు. అంతకంటే బాధాకరమైన సంగతి ఏమిటంటే, రకాన్ని బట్టి మేము మందు ఎంచుకునేదీ లేదు. ఏ మందు ఎంత మోతాదులో పనిచేసింది, ఏ మందుకు చేతులు వణికాయి, ఎన్నిసార్లు తిరగబెట్టింది, మధ్యలో ఎన్నేళ్ళు బాగున్నాడు అన్నవి సరిహద్దు దాటి వెళ్ళవలసిన వివరాలు. అవి వెళ్ళలేదు, కోడ్ వెళ్ళింది. పదో కూర్పులోనే ఐదో స్థానంలో జబ్బు నడక రాయడానికి వీలుండింది, ఎడతెగనిదా, వచ్చిపోయేదా, పూర్తిగా తగ్గిందా అని. ఆ అంకెను వేసిన కాగితాలు నా కంటబడింది బహు తక్కువ.

అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ 2013లో తన మానసిక వ్యాధుల వర్గీకరణ గ్రంథం డీఎస్ఎం ఐదో కూర్పులో ఈ రకాలను తీసేసింది. అవి నిలకడగా లేవు, డాక్టరుకూ డాక్టరుకూ కలవడం లేదు, చికిత్సకు పనికిరావడం లేదు అని కారణాలు చెప్పింది. 2019లో ఆమోదం పొంది 2022 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చిన ఐసీడీ పదకొండో కూర్పూ అదే దారి పట్టింది. ఇప్పుడు స్కిజోఫ్రీనియా 6ఏ20. మొదటిసారి వచ్చిందా, పలుమార్లు వచ్చిందా, ఆగకుండా ఉందా అన్నది మొదటి విభజన. ఇప్పుడు లక్షణాలున్నాయా, కొంత తగ్గాయా, పూర్తిగా తగ్గాయా అన్నది రెండోది. దీనికి తోడు భ్రమలూ భ్రాంతులూ, చురుకు తగ్గిపోవడం, కుంగుబాటు, ఉన్మాదం, శరీర కదలికలు, గ్రహణశక్తి అనే ఆరు కోణాల్లో ఒక్కోదాని తీవ్రత ఎంతో రాయాలి. కెటటోనియా ఈ గుంపు నుంచి బయటికొచ్చి 6ఏ40 కింద విడిగా నిలబడింది. ఇది మంచి పని. బిగుసుకుపోయి అన్నం నీళ్ళు మానేసిన రోగి మన ఆసుపత్రుల్లో ఇప్పటికీ వస్తాడు. అతనికి లోరజెపామ్, అవసరమైతే మత్తిచ్చి చేసే విద్యుత్ చికిత్స, ప్రాణం నిలబెడతాయి. అది స్కిజోఫ్రీనియా వల్లనే వచ్చిందనుకుంటే కుంగుబాటునో మెదడు జబ్బునో చూడకుండా పోతాం.

హగరి ఒడ్డు మనిషికి ఇప్పుడు 6ఏ20.11 అని రాస్తే, పలుమార్లు వచ్చింది, ప్రస్తుతం కొంత తగ్గింది అని ఎవరైనా చదువుకోగలరు. మా నర్సమ్మ రిజిస్టరులో రాసిందీ దాదాపు అదే. మూడు దశాబ్దాలకు పైగా పట్టింది ప్రపంచ వర్గీకరణ ఆమె దగ్గరికి రావడానికి.

అయితే మన ఆసుపత్రుల్లో చాలాచోట్ల ఇంకా పదో కూర్పే నడుస్తోంది. రెండూ కలగలిసిన కాలంలో ఉన్నాం. ఈ కాలంలోనే కోడ్ చుట్టూ హక్కులు పెరిగాయి. 2018 మే 29న అమల్లోకి వచ్చిన ఆ 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మానసిక రోగానికి కూడా శరీర రోగంతో సమానంగా బీమా ఇవ్వాలంటుంది. గతంలో చికిత్స పొందినంత మాత్రాన ఈనాడు ఆ మనిషి రోగి అని తేల్చరాదని అదే చట్టం చెబుతుంది. అంటే పాత కోడ్ జీవితకాలపు ముద్ర కాదు. 2016 వికలాంగుల హక్కుల చట్టం కింద ధ్రువపత్రానికి వాడే ఐడియాస్ కొలమానం మీ రకమేమిటో అడగదు. తన పనులు తాను చేసుకోవడం, నలుగురితో మెలగడం, మాటలు అర్థం చేసుకుని బదులివ్వడం, పని చేయడం అనే నాలుగింటికి, జబ్బు ఎన్నేళ్ళుగా ఉందన్నదానికి అంకెలు వేసి, 20కి 7 వస్తే 40 శాతం వైకల్యం అంటుంది. వికలాంగుల గుర్తింపుకు ఇచ్చే యూడీఐడీ కార్డు దేశమంతా చెల్లుతుంది, పింఛను మాత్రం ఏ రాష్ట్రానిది ఆ రాష్ట్రానిదే. బళ్ళారిలో మందు తీసుకుని గుంతకల్లులో ఉండే కుటుంబం ఈ రెండింటి మధ్య నలిగిపోవడం నేను చూస్తూనే ఉన్నాను. రెండు రాష్ట్రాల అధికారులు కూర్చుని తేల్చవలసిన విషయమిది.

కోడ్‌తో బతికే మన పిల్లల గురించి కూడా చెప్పాలి. బళ్ళారి, అనంతపురం నుంచి బీఎస్సీ, ఫార్మసీ చదివి హైదరాబాదులో మెడికల్ కోడింగ్ ఉద్యోగాల్లో చేరుతున్నవాళ్ళు ఎందరో. అమెరికా రోగుల ఫైళ్ళు రాత్రింబవళ్ళు వాళ్ళ కంప్యూటర్ల మీద ఉంటాయి. అక్కడ ఇప్పటికీ పదో కూర్పు రకాలే వాడుకలో ఉన్నాయి. వాళ్ళకు నేర్పే మొదటి నియమం మా విద్యార్థులకూ నేర్పాలి: డాక్టరు రాయనిది కోడ్ చేయకూడదు, ఓపీ రోగికి ‘అనుమానం’ అని రాస్తే దాన్ని జబ్బుగా కోడ్ చేయకూడదు. ఇది చిన్న నియమం కాదు. అమెరికా వృద్ధాశ్రమాల్లో మతిమరుపు ఉన్న ముసలివాళ్ళకు సైకోసిస్ మందులు ఇస్తూ, ఆ వాడకం లెక్కలోకి రాకుండా ఉండేందుకు వాళ్ళకు స్కిజోఫ్రీనియా కోడ్ తగిలించారన్న విషయం బయటపడి, 2023 జనవరిలో అక్కడి ప్రభుత్వ సంస్థ ప్రత్యేక తనిఖీలు ప్రకటించింది. ఎనభై ఏళ్ళ వయసులో కొత్తగా స్కిజోఫ్రీనియా రావడం అరుదు. ఫైలు చూసే మన పిల్లవాడు ఆ ఒక్క సంగతి తెలిసి ప్రశ్న అడిగితే ఒక ముసలమ్మకు మేలు జరుగుతుంది.

2015-16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వే 12 రాష్ట్రాల్లో జరిగింది. సైకోసిస్ ఉన్నవాళ్ళలో దాదాపు మూడొంతుల మందికి చికిత్స అందడం లేదని అది తేల్చింది. ఆ రాష్ట్రాల్లో కర్ణాటక లేదు, ఆంధ్రప్రదేశ్ లేదు, తెలంగాణ లేదు. మన గ్రామాల సంగతి మనమే వెతుక్కోవాలి. సరైన కోడ్ రాయడం ఎంత ముఖ్యమైనా, ఏ కోడూ లేకుండా గొలుసుతో గదిలో ఉన్న మనిషి దగ్గరికి నడిచి వెళ్ళడం దానికంటే ముందు.

వైద్య విద్యార్థులకు నా మనవి. ఎఫ్20.9 అని రాసే ముందు ఒక్క నిమిషం ఎక్కువ తీసుకుని, జబ్బు ఎప్పుడు మొదలైంది, ఎన్నిసార్లు వచ్చింది, ఏ మందు పనిచేసింది అన్న మూడు వాక్యాలు రాయండి. అవి తెలుగులోనో కన్నడంలోనో ఇంకో కాగితం మీద రాసి కుటుంబం చేతికివ్వండి. కుటుంబాలవారికి నా మనవి. ఆ కాగితం ఇవ్వమని అడగండి, అడగడం మీ హక్కు. ఊరు మారినా, రాష్ట్రం మారినా దాన్ని వెంట తీసుకెళ్ళండి. మందు మీ అంతట మీరు ఆపకండి. రాత్రివేళ ఎవరితో మాట్లాడాలో తోచకపోతే 14416కు ఫోన్ చేయండి. టెలిమానస్ సేవ అది, 2022 అక్టోబరు నుంచి నడుస్తోంది, డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులోనూ కన్నడంలోనూ మాట్లాడతారు.